కమాను మెత్తబడిందా, కూర్చుందా?

విజయవాడ ఆటోనగర్ నుంచి 26 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నాడు, షాపు పేరూ వద్దన్నాడు. నాలుగు పేజీల ఉత్తరంలో ముఖ్యమైనంత వరకు ఇక్కడ చెబుతాను.

వాళ్ల నాన్నగారిది లారీ కమాన్ల షాపు. కమాను అంటే ఇరుసు మీద బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్ట. 38 ఏళ్లుగా అదే పని. కూర్చున్న కమాన్ కట్టల్ని విప్పి, పట్టీలు కొలిమిలో కాల్చి, సమ్మెటతో మళ్లీ వంపు ఎక్కించి, నూనెలో ముంచి బిగిస్తారు. అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, చెన్నై దగ్గర ఒక స్ప్రింగుల ఫ్యాక్టరీలో రెండేళ్లు తనిఖీ విభాగంలో పనిచేశాడు. నిరుడు నాన్నగారికి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయనొక్కరూ చూసుకోలేరని ఎనిమిది నెలల కిందట ఉద్యోగం మానేసి వచ్చాడు.

ఇబ్రహీంపట్నం నుంచి బూడిద తోలే లారీ ఒకటి వీళ్ల దగ్గర వెనక కట్టకు వంపు కొట్టించుకుని వెళ్లింది. 40 రోజులకు గొల్లపూడి దగ్గర మెయిన్ పట్టీ, పట్టీలన్నిటినీ నడిమిన కలిపి పట్టే సెంటర్ బోల్టు పక్కనే విరిగి, బండి ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓనరు విరిగిన రెండు ముక్కలూ తెచ్చి షాపు ముందు పడేసి కేకలు వేశాడు.

“అప్పుడు నేను నోరు జారాను” అని రాశాడు అబ్బాయి. “‘నేను ముందే చెప్పాను, కాల్చి కొడితే పట్టీ మెత్తబడిపోతుంది, స్టిఫ్‌నెస్ పోతుంది’ అన్నాను. అందరి ముందూ అన్నాను. నాన్న పట్టకారు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. మూడు వారాలైంది. నాతో మాట్లాడరు. షాపులో ఏ పట్టీ తీయాలో కూడా కుర్రాడితో చెప్పిస్తారు. ఇంట్లో అమ్మతో చెప్పిస్తారు.”

ఓనరు ఇప్పుడు రెండు అడుగుతున్నాడు. కొత్త కట్ట ఉచితంగా వేయాలి, పైగా తొమ్మిది పట్టీల కట్టకు ఇంకో రెండు పట్టీలు కలపాలి, అదీ మందం పట్టీలు. నాన్నగారు సరే అనేలా ఉన్నారు. మరోపక్క చెన్నై వాళ్లు మళ్లీ రమ్మంటున్నారు, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. “తప్పు ఎవరిది? పట్టీలు కలపడానికి ఒప్పుకోవాలా? ఉండాలా, వెళ్లాలా?” అని అడిగాడు.

బాబూ, నేను పాలిటెక్నిక్‌లో పాతికేళ్లకు పైగా స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పాను. నీది నా క్లాసులో కూర్చున్న పిల్లల వయసే, అందుకే నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందే ఒకటి చెప్పాలి, అది నీకు కష్టంగా ఉండొచ్చు. ఆ రోజు నువ్వన్న మాట తప్పు. పదిమందిలో అన్నావని కాదు, ఆ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు చదువుకున్న లెక్క ప్రకారమే అది తప్పు.

కాల్చినందువల్ల పట్టీ స్టిఫ్‌నెస్, అంటే వంచబోతే అది ఎదురు నిలిచే బిగువు, పోదు. కాల్చినా, కొట్టినా, నూనెలో ముంచినా, ముంచకుండా వదిలేసినా, చల్లారాక ఉక్కు బిగువు ఇంచుమించు అలాగే ఉంటుంది. యంగ్స్ మాడ్యులస్ అని బట్టీ పట్టి ఉంటావు, 200 గిగాపాస్కల్స్ అని. మేకు ఉక్కుకీ, రైలు పట్టా ఉక్కుకీ, మీ కమాను ఉక్కుకీ ఆ అంకె దాదాపు ఒక్కటే. అది లోపల పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు నుంచి వచ్చేది, కొలిమి దాన్ని మార్చలేదు. కొలిమి మార్చేది ఇంకొకటి. ఎంతవరకు వంచితే పట్టీ తిరిగి తన రూపానికి వస్తుంది, ఎక్కడ దాటితే వంగినట్టే ఉండిపోతుంది అనే హద్దును మారుస్తుంది. బిగువు వేరు, హద్దు వేరు. ఇంజనీరింగ్ చదివినవాళ్లలో కూడా చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. మేం పాఠం చెప్పేటప్పుడు గ్రాఫులో గీత వాలును ఒక రోజు, గీత వంగిపోయే చోటును ఇంకో రోజు చెబుతాం. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాల్సింది మేమే.

నా మాట నమ్మనక్కర్లేదు, షాపులోనే చేసి చూడు. 70 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త పట్టీ ముక్క ఒకటి తీసుకో. అలాంటిదే ఇంకోటి ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వు, అది పూర్తిగా మెత్తటి పట్టీ అవుతుంది. ఒక్కోదాన్నీ వైసులో బిగించి అర మీటరు బయటికి ఉంచు. కొసన 20 కిలోలు వేలాడదీయి. రెండూ 7 మిల్లీమీటర్లే దిగుతాయి. 40 కిలోలు వేస్తే రెండూ 14. బరువు రెట్టింపైతే దిగుడు రెట్టింపు అని రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం నీ కళ్ల ముందే ఉంటుంది, రెండు పట్టీలకీ ఒకేలా. తేడా ఎక్కడ బయటపడుతుందంటే, బరువు ఇంకా పెంచితే. అది వేలాడదీసి చేయొద్దు, ప్రెస్సులో చెయ్యి. 100 కిలోలు దాటాక ఎక్కడో ఒక చోట మెత్తటి పట్టీ లొంగిపోతుంది. ఒత్తిడి తీసేసినా వంగే ఉంటుంది. సరిగ్గా పదును పట్టిన పట్టీ, అంటే కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచిన పట్టీ, దానికి రెట్టింపు ఒత్తిడి దాకా వెళ్లి కూడా నువ్వు గీసిన గీత దగ్గరికే తిరిగొస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారు వాడే మాట విను. కమాను “కూర్చుంది” అంటారు ఆయన. “మెత్తబడింది” అన్నావు నువ్వు. ఆయన మాటే సరైనది. కూర్చున్న కమాను వంపు పోగొట్టుకుంది, బిగువు పోగొట్టుకోలేదు. ఎప్పుడో ఒకసారి, లేదా వందలసార్లు, దాని హద్దు దాటి వంగింది, ఆ మేరకు కిందకి దిగి అక్కడి నుంచి మళ్లీ మునుపటి బిగువుతోనే పనిచేస్తోంది. ఆయన వంపు ఎక్కించడం అంటే బండి ఎత్తును తిరిగి ఇవ్వడం. అది బూటకం కాదు.

నీ వైపు కూడా ఒక నిజం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. తుప్పుతో, ఒకదానికొకటి రాసుకోవడంతో పాత పట్టీ మందం తగ్గుతుంది. 10 మిల్లీమీటర్లది 9కి అరిగితే బిగువు 27 శాతం పోతుంది, ఎందుకంటే మందం లెక్కలోకి మూడుసార్లు గుణించుకుని వస్తుంది. నువ్వు ఆ మాట అనేముందు కాలిపర్‌తో పట్టీ మందం కొలిచి ఉంటే, నీ అనుమానానికి ఒక ఆధారం ఉండేది.

సరే, బిగువు పోకపోతే మరి పట్టీ ఎందుకు విరిగింది?

నీ ఉత్తరం మూడో పేజీలో, అడుగున, నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది: “విరిగిన మొహం మీద పైఅంచు దగ్గర బొటనవేలి గోరంత నల్లటి అర్ధచంద్రం ఉంది, మిగతాదంతా పంచదార పలుకుల్లా మెరుస్తోంది.” ఆ వాక్యం చదివాక నేను ఉత్తరం పక్కన పెట్టి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నీ తగాదాకు సాక్షి అదే.

ఆ మెరిసే పలుకులు గొల్లపూడి దగ్గర విరిగిన క్షణానివి. ఆ నల్లటి అర్ధచంద్రం అంతకు చాలా ముందుది. పగులు అక్కడ పుట్టింది, ప్రతి గుంతకీ, ప్రతి స్పీడు బ్రేకరుకీ వెంట్రుకవాసి చొప్పున లోపలికి నడిచింది. మిగిలిన ఉక్కు ఇక బరువు ఆపలేనంత తగ్గాక ఒక్కసారిగా తెగింది. భూతద్దం పెట్టి చూడు, ఆ చంద్రం మీద చెరువు గట్టున నీటి గుర్తుల్లాంటి సన్నటి వంకర గీతలు కనిపించొచ్చు. ఒక్కసారి మోయగలిగిన బరువునే లక్షసార్లు మోస్తే లోహం తెగుతుందని 1850ల నుంచి జర్మనీలో రైలు ఇరుసుల్ని తిప్పి తిప్పి విరగ్గొట్టి చూపించినవాడు ఆగస్ట్ వోలర్. అంతకుముందు ఇరుసు విరిగితే ఇనుమునే తప్పుపట్టేవాళ్లు ఎక్కువ.

పైఅంచు దగ్గర పుట్టడం కూడా యాదృచ్ఛికం కాదు. లోడు పడ్డప్పుడు కమాను చదును అవుతుంది కదా, అప్పుడు లోపలి వంపు ఉన్న పైముఖం సాగుతుంది, కిందముఖం నొక్కుకుపోతుంది. పగులు పుట్టేది సాగే ముఖం మీదే. అక్కడ తుప్పు తిన్న గుంట ఉన్నా, పట్టకారు గాటు ఉన్నా, సెంటర్ బోల్టు రంధ్రం అంచు ఉన్నా చాలు.

ఇక ఆ నలుపు ఏ నలుపో చూడాలి. కొలిమిలో కాలినప్పుడు ఉక్కు మీద కట్టే గట్టి నల్లటి పొర అయితే, పట్టీ మీ దగ్గరికి వచ్చేటప్పటికే పగిలి ఉందనుకోవచ్చు. మీరిద్దరూ దాన్ని చూడకుండా కాల్చి, వంచి, బిగించి పంపారు. గోరుతో గీకితే రాలే గోధుమరంగు తుప్పో, గ్రీజు మరకో అయితే, పగులు ఆ 40 రోజుల్లో పుట్టింది. రెండిటికీ బాధ్యత వేరువేరుగా ఉంటుంది.

40 రోజుల్లోనే పుట్టిందనుకుందాం. అందులోనూ కారణం ఒకటి కాదు. సెంటర్ బోల్టు దగ్గర విరిగిందన్నావు. అక్కడ విరిగితే అనుభవమున్న మెకానిక్కులు ముందు చూసేది యూ బోల్టుల్ని, అంటే కట్టను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టుల్ని. అవి గట్టిగా బిగించి ఉన్నంతకాలం కట్ట నడిమి భాగం వంగదు, రంధ్రం చుట్టూ ఉక్కు క్షేమంగా ఉంటుంది. కట్ట కొత్తగా బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి. మళ్లీ వచ్చి బిగించుకోవాలి. ఆ లారీ వచ్చిందా? రమ్మని ఎవరైనా చెప్పారా? నీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. చెప్పి ఉంటే తప్పులో పెద్ద వాటా ఓనరుది. చెప్పకపోతే మీది, అదీ మీ నాన్నగారి కొలిమిది కాదు, బిల్లు రాసి పంపినవాళ్లది. బిల్లులు రాసేది నువ్వేనని నువ్వే రాశావు.

రెండో కారణం కూడా ఉండొచ్చు. పట్టీ చల్లారాక వంపు చాలలేదనిపిస్తే మీ నాన్నగారు దాన్ని రెండు దిమ్మెల మధ్య పెట్టి చల్లగానే నాలుగు దెబ్బలు వేస్తారని రాశావు. నువ్వు దాన్ని తప్పుపట్టావు, ఎందుకు తప్పో రాయలేదు. నేను చెబుతాను. చల్లటి పట్టీని ఇంకా వంచినప్పుడు పైముఖం హద్దు దాటి నొక్కుకుంటుంది. దెబ్బ ఆగాక మిగతా పట్టీ వెనక్కి రావాలని చూస్తుంది, ఆ పైముఖాన్ని తనతో లాగుతుంది. పైకి ఏమీ కనిపించదు, కానీ లోడు పడకముందే ఆ పైముఖంలో ఒక లాగుడు ఉండిపోతుంది. తర్వాత లోడు కూడా అటే లాగుతుంది. రెండూ కలిసి పగులుకు దారి తీస్తాయి. నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీలో దీనికి ఉల్టా చేస్తారు, చూసే ఉంటావు. కావలసినదానికన్నా ఎక్కువ వంపుతో చేసి, ప్రెస్సులో ఒకసారి హద్దు దాటేదాకా చదునుగా నొక్కి వదులుతారు. అప్పుడు పైముఖంలో లాగుడుకు బదులు నొక్కుడు మిగులుతుంది. సన్నటి ఉక్కు గుళ్లతో పైముఖాన్ని కొట్టించేదీ అందుకే. మీ షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు ఉందన్నావు కాబట్టి, కాస్త ఎక్కువ వంపు ఎక్కించి, పదును పట్టాక ఒకసారి నొక్కి వదిలే పని మీరూ చేయొచ్చు. ఇది ఆయన పద్ధతిని తీసేయడం కాదు, చివర ఒక మెట్టు కలపడం.

ఇక నేను చాలా జాగ్రత్తగా చెప్పాల్సిన విషయానికి వస్తున్నాను.

నిరుడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిందని నువ్వు ఎందుకు తిరిగొచ్చావో చెప్పడానికి రాశావు. నాకు అది వేరేలా తగిలింది. 38 ఏళ్లుగా ఆ షాపులో థర్మామీటరు మీ నాన్నగారి కన్నే. చెర్రీ పండు ఎరుపు, నారింజ, పసుపు అంటూ రంగు చూసి పట్టీ బయటికి తీస్తారు. శుక్లం ముదురుతున్న కంటికి లోకం మసకగా, పసుపు పట్టినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక వెలుగు ఎక్కువగా, తెలుపు తెల్లగా కనిపిస్తుంది. అంటే శుక్లం ఉన్న చివరి ఏళ్లలో, తనకు అలవాటైన వెలుగు కనిపించేదాకా ఆయన పట్టీని మంటలో కాస్త ఎక్కువసేపు ఉంచి ఉండొచ్చు. అలా ఎక్కువ కాలితే ఉక్కు పలుకులు ముదురుతాయి, పైపొరలో కార్బన్ మండిపోయి చర్మం మెత్తబడుతుంది, ఆ చర్మం మీదే పగులు పుడుతుంది. ఆపరేషన్ తర్వాత అదే మంట ఇంకా కాంతిగా కనిపించి, పట్టీని కాస్త ముందే తీస్తూ ఉండొచ్చు. చాలినంత కాలని పట్టీ నూనెలో ముంచినా పూర్తి పదును పట్టదు.

జరిగి తీరిందని నేననడం లేదు. జరిగి ఉండొచ్చు అంటున్నాను. ఒకవేళ ఇదే జరిగి ఉంటే అందులో ఆయన నైపుణ్యం లోపం ఏమీ లేదు. గజం బద్ద మారిపోతే కొలిచేవాడిది తప్పు కాదు కదా. దీన్ని కొంతవరకు తేల్చడానికి ఒక దారి ఉంది. విరిగిన పట్టీలోంచి, విరిగిన మొహానికి దూరంగా, చిన్న ముక్క కోసి హార్డ్‌నెస్ చూపించు. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మిషను ఉంటుంది. సి స్కేలు మీద 40 పైనుంచి 48 లోపు వస్తే పదును బాగానే ఉంది, అయితే ఎక్కువ కాలి పలుకులు ముదిరాయా, చర్మం మెత్తబడిందా అన్నది ఈ అంకె చెప్పదు. 30 దగ్గర వస్తే చాలినంత కాలలేదు, లేదా నూనెలోంచి తీశాక పెళుసు తగ్గడానికి మళ్లీ చూపించే కాక ఎక్కువైంది. 55 దాటితే ఆ కాక చాల్లేదు, పట్టీ గాజులా పెళుసుగా ఉంది. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కొయ్యి, కోత వేడికే పదును మారిపోతుంది.

కొలిమి దగ్గరైతే అయస్కాంతం ఒక్కటి చాలు. 770 డిగ్రీల చుట్టుపక్కల ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కమాను ఉక్కును నూనెలో ముంచాల్సింది సుమారు 850 నుంచి 900 మధ్య. అంటే పొడవాటి కడ్డీకి కట్టిన అయస్కాంతం పట్టడం మానేశాక ఇంకొంత కాలాలి. ఆ “ఇంకొంత” ఎంతో ఇప్పటి కంటికి ఏ రంగులో కనిపిస్తుందో ఆయన నాలుగు రోజుల్లో పట్టేస్తారు. అన్నేళ్ల అలవాటు ఉన్న మనిషికి రంగు మళ్లీ నేర్చుకోవడం పెద్ద పని కాదు. నువ్వు డిజిటల్ మీటరు కొనుక్కొచ్చి ఆయన మొహం ముందు పెట్టడం కన్నా ఇది వేరు.

ఓనరు సంగతి త్వరగా చెప్పేస్తాను. ముక్కలు చూడకముందు ఏ మాటా ఇవ్వొద్దు. చూశాక మీ తప్పు తేలితే కట్ట వేసివ్వండి. పోయిన కిరాయి కూడా అడుగుతాడు, అక్కడ బేరం మీ ఇష్టం. వదులు యూ బోల్టులే కారణమైతే సగం సగం అనండి. పాత పగులైతే మజూరీ వెనక్కివ్వండి, చూడకుండా బిగించినందుకు. మీ నాన్నగారు ఏమీ చూడకుండానే అంతా ఉచితం అంటే, అది మాట కోసం చేసే పని, ఆపకు. కానీ కారణం తెలియకపోతే ఇంకో 40 రోజులకు ఇంకో బండి రావచ్చు.

పట్టీలు కలపడం మాత్రం పెద్ద విషయం. తొమ్మిదికి అదే మందం పట్టీలు రెండు కలిపితే కట్ట బిగువు ఇంచుమించు 22 శాతం పెరుగుతుంది. అదే లోడుకి బండి తక్కువ కూర్చుంటుంది. ఓనరు కంటికి బండి నిటారుగా నిలబడి, “ఇంకో రెండు టన్నులు పట్టేట్టుందే” అనిపిస్తుంది. అదే ప్రమాదం. వేబ్రిడ్జి మీద అంకె ఒక్క కిలో తగ్గదు. ఇరుసు, హబ్బు, టైరు, బ్రేకు డ్రమ్ము, ఛాసిస్ ఇవేవీ కొత్త పట్టీల వల్ల బలపడలేదు. కమాను కూర్చోవడం ఓవర్‌లోడుకు మొదట కనిపించే గుర్తు. పట్టీలు కలిపితే ఆ గుర్తు చెరిగిపోతుంది, లోడు మాత్రం అలాగే ఉంటుంది.

మందం పట్టీలు అడుగుతున్నాడంటే ఇంకో చిక్కు. కట్టలో పట్టీలన్నీ దాదాపు ఒకే వంపులో వంగుతాయి. ఒకే వంపులో వంగినప్పుడు మందం ఎక్కువున్నదాని పైముఖం ఎక్కువ సాగుతుంది. 10 మిల్లీమీటర్ల పట్టీల మధ్య 12 మిల్లీమీటర్లది పెడితే దాని మీద లాగుడు 20 శాతం ఎక్కువ. బలంగా ఉంటుందని పెట్టిన పట్టీయే ముందు విరుగుతుంది. అది విరిగినా మీ షాపు ముందే పడేస్తాడు.

ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కూడా చూడాలి. బిగువెక్కిన కట్ట ఖాళీ బండిని ఎగరేస్తుంది, గాల్లో ఉన్న టైరుకు బ్రేకు పనిచేయదు. బూడిద దించి ఖాళీగా రింగురోడ్డు మీద పరిగెత్తే లారీ పక్కన స్కూటీ మీద వెళ్లేవాళ్లని తలుచుకో.

చట్టం కూడా తెలిసి ఉండాలి. నాలుగు టైర్ల సింగిల్ ఇరుసుకు 2018లో హద్దు 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచారు. దాని పైన వేస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకి 2,000 చొప్పున.

మీకు మూడు దారులున్నాయి. ఒప్పుకుంటే డబ్బు వస్తుంది, ఈ ఓనరు చల్లబడతాడు, పైన చెప్పినవన్నీ మీ షాపు పేరు మీదికి వస్తాయి. కుదరదంటే పక్క వీధిలో ఎవరో ఒకరు కలుపుతారు, మీ గిరాకీ పోతుంది, కానీ ఆ బండి కింద మీ పనితనం ఉండదు. మూడోది, హెల్పర్ కట్ట, అంటే అసలు కట్టకు తోడుగా ఉండే చిన్న కట్ట, వేయడం. లోడు ఒక స్థాయి దాటాకే అది తగులుతుంది, ఖాళీ బండి మెత్తగా నడుస్తుంది. అది అనుమతించిన బరువు లోపల బండి సమంగా నిలబడటానికే తప్ప, పైన వేసుకోవడానికి కాదని బిల్లు మీద రాసి సంతకం పెట్టించుకోవాలి. ఓనరు సంతకం పెట్టకపోతే అతని ఉద్దేశం నీకు తెలిసిపోతుంది. నేనైతే మొదటిదానికి మాత్రం వెళ్లను.

ఇక చెన్నై.

వెళితే జీతం వస్తుంది, నేర్చుకోవలసింది ఇంకా ఉంది, ఇంట్లో రోజూ ఈ మౌనం ఉండదు. కానీ ఇప్పుడు వెళితే మీ నాన్నగారికి మిగిలేది నువ్వన్న ఆ ఒక్క మాటే. ఆయన అదే కొలిమి దగ్గర, మారిన కంటితో, ఒక్కరే ఉంటారు. వెళ్లాలనుకుంటే వెళ్లు, అది తప్పు కాదు. ముక్కల సంగతి తేల్చి, ఆ మాట వెనక్కి తీసుకుని వెళ్లు.

ఉండాలనుకుంటే, ఎలా ఉంటావనేది ముందే అనుకో. తనిఖీ ఆఫీసరులా ఆయన వెనక నిలబడితే ఆరు నెలలు కూడా సాగదు. పట్టీ లోపలికి వచ్చేటప్పుడు చూసేది నువ్వు కావచ్చు. కడగడం, మందం కొలవడం, సుద్దపొడీ కిరసనాయిలూ పూసి పగులు వెతకడం, పగిలినదాన్ని కాల్చకుండా పక్కన పడేయడం. బయటికి వెళ్లేటప్పుడూ నువ్వే: ప్రెస్సులో ఒకసారి నొక్కడం, యూ బోల్టులకు రెంచి వేయడం, మళ్లీ రావలసిన తారీఖు బిల్లు మీద రాయడం. మధ్యలో మంట ఆయనది. ఇలా చేస్తే ఖర్చు, సమయం పెరుగుతాయి, ఒక్కో కట్టకు గంటైనా ఎక్కువ పడుతుంది. తొందరున్నవాళ్లు వేరే షాపుకి పోతారు. కొన్నాళ్లు గల్లా తగ్గుతుంది, అది అమ్మకి ముందే చెప్పు.

కొంతమంది కాల్చడమే మానేసి కొత్త పట్టీలు మాత్రమే అమ్ముతున్నారు. సుళువు, ప్రమాదం తక్కువ. అయితే పాత బండి మీద బతికే చిన్న ఓనరుకి మీరు ఇక అక్కరకు రారు, మీ నాన్నగారు కౌంటరు దగ్గర కూర్చోవాలి. ఆయన్ని అడక్కుండా ఆ ఆలోచన బయటికి తేకు.

క్షమాపణ ఎలా చెప్పాలని నువ్వు అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది. “సారీ నాన్నా” అంటే ఆయన తల ఊపి ఊరుకుంటారు. నువ్వన్నది పనిని గురించిన మాట, వెనక్కి తీసుకోవడం కూడా పని దగ్గరే జరగాలి. ఆ రోజు విన్న కుర్రాళ్లు ఉన్నప్పుడే రెండు పట్టీలూ వైసులో బిగించి, 20 కిలోలు వేలాడదీసి చూపించు. “కాలిస్తే బిగువు పోతుందన్నాను. పోలేదు. నాన్న చెప్పిందే సరి, కూర్చుంది అంతే” అను. ఆ తర్వాత ఆగిపో. అప్పుడే యూ బోల్టుల గురించీ, చల్లటి దెబ్బల గురించీ మొదలుపెట్టకు.

కంటి సంగతి ఇంకో రోజు, సాయంత్రం, ఇద్దరే ఉన్నప్పుడు ఎత్తు. చెప్పొద్దు, అడుగు. “నాన్నా, ఆపరేషన్ అయ్యాక మంట రంగు మునుపటిలాగే కనిపిస్తోందా?” అని. ఆయన ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోని తేడా ఏదైనా ఉంటే అప్పుడు చెబుతారు. లేదంటే లేదంటారు, అయస్కాంతం కడ్డీ ఆ పక్కనే పెట్టి వదిలేయి.

విరిగిన ముక్కలు రెండూ బెంచీ కింద పడి ఉన్నాయని రాశావు. ఈ ఉత్తరం అందిన వెంటనే వాటిని పైకి తియ్యి. విరిగిన మొహాలు ఒకదానికొకటి తగిలించి చూడాలనిపిస్తుంది, చూడకు, రాసుకుంటే గుర్తులు పోతాయి. ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసుకుని, పొడి గుడ్డలో విడివిడిగా చుట్టు. బ్రష్షు కానీ కిరసనాయిలు కానీ తగలనివ్వకు. మీ నాన్నగారు వాటిని ఎండలోకి తెచ్చి, తన కళ్లతో చూసేదాకా అలాగే ఉంచు.